ఒడ్డు కనిపిస్తానే ఉంటుంది, చేరాలంటే టోకెన్ కావాలి: గ్రాండ్ కేమన్‌లో టెండర్ పడవ లెక్క

మన సీమకు సముద్రం లేదు. కర్నూలు వాళ్లకు పడవంటే శ్రీశైలం పాతాళగంగ దగ్గర ఎక్కేది, లేదంటే తుంగభద్ర దాటించే పుట్టి. అనంతపురం, కడప వాళ్లకు ఆ మాత్రం కూడా తక్కువే. అట్లాంటి ఇళ్ల నుంచి ఇప్పుడు ఎండాకాలం రాగానే డల్లాస్‌కో హ్యూస్టన్‌కో పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలు చాలామందే ఉన్నారు. పోయినాక "ఒక వారం క్రూజ్‌కు పోదాం పాండి" అని పిల్లలు గాల్వెస్టన్‌లోనో మయామీలోనో ఓడ ఎక్కిస్తారు. ఈ పోస్టు ఆ పిల్లలకూ, వాళ్ల వెంట పోయే పెద్దలకూ.

పశ్చిమ కరీబియన్ తిరిగే ఓడలు ఎక్కువగా ఆగేది మెక్సికోలోని కోజుమెల్, జమైకాలోని ఫాల్మత్, కేమన్ దీవుల రాజధాని జార్జ్ టౌన్. మొదటి రెండు చోట్లా ఓడ వచ్చి పియర్‌కు, అంటే ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన పొడుగాటి వేదికకు, ఆనుకుంటుంది. తలుపు తీస్తే బస్టాండులో దిగినట్టు దిగి నడిచిపోవచ్చు. గ్రాండ్ కేమన్ దీవి మీదున్న జార్జ్ టౌన్‌లో అట్లా కుదరదు. ఓడ ఊరికి ఎదురుగా నీళ్లలోనే నిలబడుతుంది. అక్కడి నుంచి ఒడ్డుకు చిన్న పడవలో పోవాలి. దాన్నే టెండర్ అంటారు. పడవలో కూర్చునేది పది పదిహేను నిమిషాలే. మరి "అంత దగ్గర కనపడతాంటే ఇంకా మనల్ని పిలవరేందిరా?" అని నాయన అడుగుతాడు. కొడుక్కు దానికి జవాబు ముందే తెలిసుండాలి. తెలియకపోతే ఆ రోజు సగం వరుసల్లోనే పోతుంది.

జవాబు ఒక చిన్న గుణకారం. ఓడలో 3,600 మంది ఉన్నారనుకోండి. ఓడ తన లైఫ్‌బోట్లనే టెండర్లుగా దింపితే ఒక్కోదాంట్లో సుమారు 120 మంది ఎక్కుతారు. లైఫ్‌బోటు పక్కన 150 అని రాసి ఉండొచ్చు గానీ, అది ప్రాణం మీదికి వచ్చినప్పుడు మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా ఇరుక్కుని కూర్చునే లెక్క. ఎక్కించడం, పోవడం, దింపడం, మళ్లీ రావడం అంతా కలిపి ఒక ట్రిప్పుకు అరగంట. అంటే గంటకు ఒక పడవ 240 మందిని చేరుస్తుంది, నాలుగు పడవలు తిరిగితే 960 మందిని. అందరూ దిగాలంటే దాదాపు నాలుగు గంటలు. జార్జ్ టౌన్‌లో మాత్రం ఓడ పడవల కంటే ఊరి వాళ్ల పెద్ద పడవలే ఎక్కువ నడుస్తాయి. రెండంతస్తులవి, ఒక్కసారికి వందల మందిని పట్టేవి. దాంతో పని తొందరగా అవుతుంది. కానీ అదే రోజు మూడు నాలుగు ఓడలు వరుసగా నిలబడి ఉంటే ఆ పడవలే అందరికీ పంచుకోవాలి, ఆ రేవే అందరికీ పంచుకోవాలి. అందుకే టికెట్టు కొనకముందే ఒక పని చేయండి. ఏ రోజు ఎన్ని ఓడలు వస్తున్నాయో కేమన్ పోర్ట్ అథారిటీ ముందుగానే పట్టిక పెడుతుంది. మీ రోజున ఒక్క ఓడే ఉంటే ఇక్కడ రాసినదాంట్లో సగం మీకు అక్కర్లేదు. నాలుగు ఉంటే మొత్తం చదవండి.

అంత డబ్బున్న దీవికి ఒక పియర్ కట్టుకోలేదా అని అనుమానం రావచ్చు. డబ్బు లేక కాదు. ఈ దీవులు సముద్రం అడుగున లేచిన కొండల కొనలు. ఒడ్డు పక్కన లోతు తక్కువ ఉండే నేల సన్నటి అరుగు లాగా ఉంటుంది, దాని మీద పగడపు దిబ్బలు, ఆ అరుగు దాటితే గోడ దిగినట్టు లోతు. దక్షిణాన ఉన్న కేమన్ అగాధం 7,600 మీటర్లకు పైనే, కరీబియన్ సముద్రంలో అంతకు మించిన లోతు లేదు. పెద్ద ఓడలకు పియర్ కట్టాలంటే రేవులో తవ్వాలి, తవ్వితే పగడాలు పోతాయి. జనాన్ని తెచ్చే పెద్ద ఓడలు రావాలంటే పియర్ తప్పదని కొందరు, పగడాలు పోయినాక వచ్చి చూసేదేముందని కొందరు, ఏళ్ల తరబడి కొట్లాట. 2019లో ఓటు పెట్టబోయి ఆగింది. చివరికి 2025 ఏప్రిల్ 30న ఎన్నికలతో పాటే ప్రజల్ని అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. కాబట్టి టెండర్ పడవలు ఇప్పట్లో పోవు. ఓడలు ఆగే ఆ తీరపు ఒంపు పేరు హాగ్ స్టై బే. తెలుగులో చెప్పాలంటే పందులదొడ్డి రేవు.

టోకెన్ సంగతి తిరుమల పోయినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. టైమ్ స్లాట్ టోకెన్ లాంటిదే ఇది కూడా. దిగడానికి ఓడలో ఒక హాలులోనో థియేటర్‌లోనో నంబర్లు ఇస్తారు, కొన్ని ఓడల్లో యాప్‌లోనే తీసుకోవాలి. మీ నంబరు పిలిచినప్పుడే కింది అంతస్తుకు దిగాలి. ముందు పోయి మెట్ల మీద నిలబడితే దారి అడ్డం తప్ప లాభం లేదు. ఇక్కడా బ్రేక్ దర్శనాలు ఉన్నాయి. ఓడ వాళ్ల దగ్గరే టూర్ కొన్నవాళ్లు, ఖరీదైన పెద్ద గదుల్లో ఉన్నవాళ్లు, ఆ కంపెనీలో పది పదిహేను సార్లు ప్రయాణం చేసినవాళ్లు ముందు పోతారు. మిగతావాళ్లకు టోకెన్. పదిన్నర పదకొండు అయ్యేసరికి రద్దీ తగ్గి, ఇక టోకెన్ లేకుండా ఎవరైనా రావచ్చని మైకులో చెబుతారు.

టోకెన్ తీసుకునేటప్పుడు కుటుంబమంతా కలిసి పోవాలి. నాయన వరుసలో ఉన్నాడు, అమ్మ ఇంకా టిఫిన్ దగ్గర ఉంది, పిల్లలు ఈత కొలను దగ్గర అంటే చాలా ఓడల్లో ఒప్పుకోరు, ఒప్పుకున్నా పిలిచే వేళకు ఎవరో ఒకరు కనపడరు. తొందరగా దిగాలనుకుంటే టోకెన్లు మొదలయ్యే టైముకు ముప్పావు గంట ముందే టిఫిన్ ముగించండి. ఆ వేళలో ఓడలో లిఫ్టులు ఖాళీ ఉండవు, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఇక అసలు ఘట్టం. ఓడ పొట్టలో, నీటిమట్టానికి కాస్త పైన, ఒక ఇనుప తలుపు తెరుచుకుని ఉంటుంది. డీజిల్ వాసన, ఉప్పు గాలి, ఇంజన్ మోత. తలుపు బయట గరుకు పెయింట్ వేసిన ఒక మెట్టు, దాని పక్కన ముందూ వెనకా రెండు తాళ్లతో కట్టిన పడవ. పడవ ఆగి ఉందని అనిపిస్తుంది గానీ ఆగి ఉండదు. అల వచ్చినప్పుడల్లా అడుగో అడుగున్నరో లేస్తుంది, మళ్లీ దిగుతుంది. మెట్టు మీద ఒకతను, పడవలో ఒకతను నిలబడి ఉంటారు. వాళ్లు మీ చేతివేళ్లు పట్టుకోరు, మోచేతికి కిందుగా ముంజేతిని గట్టిగా పట్టుకుంటారు. మీరూ వాళ్ల ముంజేతినే పట్టుకోవాలి. వేళ్లు జారతాయి, ముంజేయి జారదు. పడవ లేచి మెట్టుకు సమంగా వచ్చిన క్షణంలో "స్టెప్" అంటారు. అప్పుడు ఒక కాలు పూర్తిగా లోపల పెట్టి, ఆ వెంటనే రెండో కాలు తేవాలి. అంతే.

పొరపాట్లన్నీ ఆ రెండు సెకన్లలోనే జరుగుతాయి. పడవ కిందికి పోతున్నప్పుడు భయపడి దూకితే, అడుగున్నర అనుకున్న దిగుడు మూడడుగులు అవుతుంది, చీలమండ బెణుకుతుంది. ఒక కాలు పడవలో పెట్టి, ఇంకో చేత్తో ఓడ కమ్మీని వదలకుండా పట్టుకునేవాళ్లు మరీ ఎక్కువ. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని మన పెద్దలు ఊరికే అనలేదు, ఇక్కడ అది అక్షరాలా జరుగుతుంది. పడవకూ ఓడకూ మధ్య సందులో చెయ్యి ఆనించకూడదు, టన్నుల బరువు వచ్చి తగిలితే వేళ్లు మిగలవు. పుట్టి ఎక్కేటప్పుడు అంచు తొక్కితే తిరగబడుతుందని నడిమధ్య అడుగు పెట్టమంటారు కదా. టెండర్‌కు తిరగబడే భయం లేదు గానీ, గుమ్మంలోనే నిలబడిపోతే వెనక వచ్చేవాళ్లు అల టైము తప్పిపోతారు. లోపలికి జరుగుతూ పోవాలి.

చీర కట్టుకుంటే కుచ్చిళ్లు చీలమండ పైకి వచ్చేలా దోపుకోవాలి, పైట నడుముకు చెక్కుకోవాలి. అంతకంటే చుడీదార్ మేలు. హవాయి చెప్పులు వద్దు. మడమకు పట్టీ ఉన్న చెప్పులో, రబ్బరు అడుగు బూట్లో వేసుకోవాలి. సంచి వీపుకు తగిలించుకుని రెండు చేతులూ ఖాళీగా ఉంచాలి. ఫోన్‌తో వీడియో తీస్తూ ఎక్కేవాళ్లను సిబ్బంది ఆపేస్తారు, ఆపడమే మంచిది. చంటిబిడ్డ ఉంటే మీరు ఎత్తుకుని దాటొద్దు, ముందు బిడ్డను సిబ్బంది చేతికిచ్చి తర్వాత మీరు దాటండి. స్ట్రోలర్ మడిచి ఇవ్వాలి.

నడవలేని పెద్దల విషయం ముందే తేల్చుకోవాలి. మడిచే చక్రాల కుర్చీని సిబ్బంది పడవలోకి ఎత్తుతారు గానీ, మనిషిని ఎత్తుకుని దాటించరు. ఆ నాలుగు అడుగులు తనంతట తాను వేయగలగాలి. బ్యాటరీ స్కూటర్లను చాలా ఓడల్లో టెండర్‌లోకి రానివ్వరు. అల ఎక్కువున్న రోజు కుర్చీలకు అసలు ఒప్పుకోరు. మోకాళ్లు మార్పించుకుని ఆరు నెలలు కాని జేజిని "ఇంతదూరం వచ్చి దిగకపోతే ఎట్లా" అని బలవంతం చేయొద్దు. అందరూ దిగిపోయిన ఓడలో పగలంతా ఎంత ప్రశాంతంగా ఉంటుందో పోయినవాళ్లకు తెలియదు. ఏ కుర్చీ కావాలంటే ఆ కుర్చీ, భోజనం దగ్గర వరుస ఉండదు.

కడుపులో తిప్పడం గురించి ఒక మాట. పడవ పోతున్నప్పుడు కంటే ఓడ పక్కన కట్టేసి జనాన్ని ఎక్కిస్తున్నప్పుడే ఎక్కువ ఊగుతుంది, అదీ అడ్డంగా. వాంతులొచ్చే అలవాటున్నవాళ్లు తమ బృందంలో చివర ఎక్కాలి, కింది అంతస్తులో మధ్యన కూర్చోవాలి, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత వైపు చూడాలి. ఫోన్ వైపు అసలు చూడకూడదు. మన దగ్గర బస్సు ప్రయాణాలకు వేసుకునే అవోమిన్ ఇక్కడా పనిచేస్తుంది. గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం తక్కువ. అమెరికాలో మెక్లిజిన్ అనే మాత్ర డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది, 25 మిల్లీగ్రాములది. రెండూ మత్తు తెప్పిస్తాయి. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ ఇబ్బందితో మూత్రం సరిగా రానివాళ్లు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోవద్దు.

ఇప్పుడు గాలి. జార్జ్ టౌన్ దీవికి పడమటి ఒడ్డున ఉంది. మామూలుగా గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి దీవే అడ్డుగోడ లాగా కాస్తుంది, రేవు చెరువు లాగా ఉంటుంది. చలికాలంలో ఉత్తరం నుంచి చల్లగాలి దిగినప్పుడు మాత్రం వాయవ్య మూల నుంచి అలలు నేరుగా రేవులోకి కొడతాయి. అట్లాంటి రోజుల్లో ఓడలు దీవి చుట్టూ తిరిగి దక్షిణాన స్పాట్స్ అనే చోటికి పోయి అక్కడ దింపుతాయి. ఊరు అక్కడి నుంచి నడిచే దూరం కాదు, వ్యాను ఎక్కాలి. బయటి వాళ్ల దగ్గర టూర్ మాట్లాడుకున్నవాళ్లు ఆ ఉదయం వాళ్లకు కబురు పెట్టి, ఎక్కడికి రావాలో అడగాలి. స్పాట్స్‌లో కూడా కుదరకపోతే కెప్టెన్ ఆ రోజు రద్దు చేసి సముద్రంలోనే ఉండిపోతాడు. తెల్లటి నురగ లేకుండా పొడుగ్గా వచ్చే అలలే పడవకు ఎక్కువ ప్రమాదం. ఎండ బాగుంది, గాలి లేదు, మరి ఎందుకు ఆపారని పైన నిలబడినవాళ్లకు అనిపిస్తుంది గానీ, కింద ఆ ఇనుప మెట్టు దగ్గర పడవ ఎంత ఎత్తు లేస్తోందో చూస్తే అర్థమవుతుంది. రద్దయితే ఓడ వాళ్ల టూర్ డబ్బులు, రేవు పన్ను తిరిగి వస్తాయి. బయట మాట్లాడుకున్న టూర్‌కు మాత్రం ఓడ రాకపోతే డబ్బు వాపసు ఇస్తామని రాసి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది గడియారం. కేమన్‌లో వేసవి కోసం గడియారం ముందుకు తిప్పే పద్ధతి లేదు, ఏడాదంతా ఒకటే టైము. మయామీలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఒక గంట ముందుకు తిప్పుతారు. ఓడ మయామీ టైములోనే నడుస్తుంటే, ఓడలో మూడున్నర అయినప్పుడు జార్జ్ టౌన్‌లో రెండున్నరే. మీ ఫోన్ ఒడ్డు మీది టవర్‌ను పట్టుకుని తనంతట తానే రెండున్నర చూపిస్తుంది. "మూడున్నరకు కదా చివరి పడవ, ఇంకా గంటుంది" అని మీరు ఐస్‌క్రీమ్ తింటుంటారు, అక్కడ చివరి పడవ తాడు విప్పేస్తుంటారు. గాల్వెస్టన్ నుంచి ఎక్కినవాళ్లకు వేసవిలో ఈ తిరకాసు లేదు, రెండు చోట్లా ఒకటే టైము. చలికాలంలో కేమన్ గంట ముందుంటుంది, అది తప్పినా నష్టం లేని వైపు. కొన్ని ఓడలు దీవి టైముకు మార్చుకుంటాయి, కొన్ని మార్చుకోవు. దిగేముందు ఓడ గోడ మీది గడియారం చూసి, చేతి గడియారం దానికి సరిచేసుకోండి. స్మార్ట్ వాచ్ కాదు, ముల్లు తిరిగే మామూలు గడియారం. నాయన చేతికుండే పాతది ఆ రోజు అందరికంటే తెలివైనది. ఫోన్‌లో టైము తనంతట తాను మారే సెట్టింగ్ తీసేయండి, ఎట్లాగూ రోమింగ్ బిల్లు రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టడమే మంచిది. ఓడలో ఉన్నప్పుడు కూడా అంతే. నడిసముద్రంలో ఫోన్ ఓడ సొంత నెట్‌వర్క్‌ను పట్టుకుంటే నిమిషాల్లోనే పెద్ద బిల్లు అవుతుంది. ఇండియా సిమ్ ఉన్న పెద్దలకు ఈ మాట ముందు చెప్పాలి.

రోజును వెనక నుంచి లెక్కవేసుకోవాలి. ఓడ ఏడింటికి ఆగుతుంది, చివరి టెండర్ మూడింటికి అనుకుందాం. ఓడ బయలుదేరే టైము నాలుగైనా మీకు ముఖ్యం ఆ మూడే. చివరి గంటన్నరలో అందరూ ఒకేసారి రేవుకు వస్తారు. నాలుగు ఓడల జనం, నీడ సరిపోదు, ఎండలో నిలబడాలి. కాబట్టి ఒకటిన్నరకు వరుసలో ఉండేలా ఒంటిగంటకు బీచ్ నుంచి కదలాలి. పొద్దున ఎంత తొందరపడ్డా ఒడ్డు మీద అడుగు పెట్టేసరికి తొమ్మిది. చేతికి మిగిలింది నాలుగు గంటలు. ఇది ఒక్క పనికి సరిపోతుంది, రెండింటికి సరిపోదు. స్టింగ్‌రే సిటీ చూసి, తాబేళ్ల కేంద్రం చూసి, బీచ్‌లో మునిగి, అంగళ్లు తిరగాలని పెట్టుకున్నవాళ్లు నాలుగూ వ్యానులోంచే చూస్తారు. పెద్దవాళ్లు ఉంటే ఇంకో పద్ధతి ఉంది. పొద్దున తొందరపడకుండా పదకొండుకు టోకెన్ లేని పడవలో దిగి, రేవు ఎదురుగానే ఉన్న నేషనల్ మ్యూజియం, పక్క వీధులు చూసి, ఒంటిగంటకల్లా తిరిగి వచ్చేయడం. ఎక్కడా వరుస తగలదు.

స్టింగ్‌రే సిటీ ఊర్లో లేదు. దీవికి ఉత్తరాన పెద్ద మడుగు లాంటి నార్త్ సౌండ్‌లో, మధ్యనున్న ఇసుక దిబ్బ. వ్యానులో కొంత, పడవలో కొంత పోవాలి, మొత్తం మూడు మూడున్నర గంటలు తింటుంది. ఒకప్పుడు జాలర్లు అలలు లేని ఆ చోట పడవలు ఆపి చేపలు శుభ్రం చేసేవాళ్లు, ఆ వ్యర్థాలకు అలవాటుపడి స్టింగ్‌రేలు, అంటే పొడుగు తోకతో పళ్లెం లాగా చదునుగా ఉండే చేపలు, అక్కడే ఉండిపోయాయి. నీళ్లు నడుము దాకానే. తోకలో ముల్లుంటుంది, కానీ తనంతట తాను వచ్చి పొడవదు, తొక్కితే పొడుస్తుంది. అందుకని అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ నడవాలి, ఆ కదలికకు అవి పక్కకు జరుగుతాయి. వాటిని నీళ్లలోంచి పైకి ఎత్తి ఫొటో తీయించుకోవడం అక్కడి నియమాలకు విరుద్ధం. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ అడిగి వేసుకోవాలి, మొహమాటం వద్దు. ఇది చూడాలనుకుంటే, నా మాటగా, డబ్బు కాస్త ఎక్కువైనా ఓడ వాళ్ల టూరే తీసుకోండి. పొద్దున్నే ముందు దింపుతారు, తిరిగి రావడం ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. బయటి టూర్ తీసుకుంటే ఓడ ఆగే టైముకూ టూర్ మొదలయ్యే టైముకూ మధ్య కనీసం రెండు గంటలు ఉండేలా చూసుకోవాలి.

బీచ్ చాలనుకుంటే సెవెన్ మైల్ బీచ్. పేరులో ఏడు మైళ్లున్నా అంత పొడవు లేదు, ఆరు కూడా నిండదు. రేవులో టాక్సీలంటే ఎక్కువగా వ్యాన్లే, నిండినాక కదులుతాయి, రేటు మనిషికి ఇంత అని. ఎక్కకముందే రెండు అడగాలి: ఆ రేటు ఒక్కరికా అందరికా, అమెరికా డాలర్లా కేమన్ డాలర్లా. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. అంగళ్లలో ఒక కేమన్ డాలరును 1.25 అమెరికా డాలర్లుగా లెక్క వేస్తారు. మెనూలో 10 అని ఉంటే మీ జేబులోంచి పోయేది పన్నెండున్నర. అమెరికా నోట్లు తీసుకుంటారు గానీ చిల్లర కేమన్ డబ్బుల్లో ఇస్తారు, అది ఓడ ఎక్కినాక ఎందుకూ పనికిరాదు. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు పెట్టుకుని పోండి. చవగ్గా పోవాలంటే రేవు నుంచి కొద్ది నడకలో, ఎడ్వర్డ్ స్ట్రీట్‌లో లైబ్రరీ పక్కన చిన్న బస్సులు దొరుకుతాయి. వెస్ట్ బే వైపు పోయేవి బీచ్ వెంబడే పోతాయి. అక్కడ బండ్లు మన లాగానే ఎడమ పక్క నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు అమ్మానాన్నలకు అలవాటే, అమెరికాలో కుదురుకున్న పిల్లలే తప్పు వైపు చూస్తారు.

ఎండ గురించి అనంతపురం వాళ్లకు చెప్పేదేముంది అనుకోవద్దు. మన ఎండకు చెమట పట్టగానే ఆరిపోతుంది, అక్కడ ఆరదు. నలభై డిగ్రీలు చూసిన మనిషి కూడా ముప్పై రెండుకే నీరసపడతాడు. పడవలో నీళ్ల మీది తళుకు కింది నుంచి కూడా కాలుస్తుంది, టోపీ ఒక్కటే చాలదు. ఓడలోనే సీసాల్లో నీళ్లు నింపుకుని దిగండి.

తిండి ఏదీ కట్టుకుని దిగడానికి లేదు. పండ్లు, వండిన అన్నం, బఫేలో చుట్టుకున్న రొట్టెలు ఒడ్డుకు తీసుకుపోనివ్వరు. అమ్మ తెల్లారి లేచి చిత్రాన్నం కలపడానికి ఓడలో వీలూ లేదు, ఉన్నా దింపుకోలేరు. సీలు తీయని బిస్కెట్ పొట్లాలు, వేరుశనగ చిక్కీ లాంటివి ఫర్వాలేదు. షుగర్ ఉన్నవాళ్లు అవైనా తప్పకుండా పెట్టుకోవాలి. తిరుగు వరుస గంట సాగిందంటే అక్కడ కొనుక్కోవడానికి పక్కకు పోలేరు. శాకాహారులు పొద్దున ఓడలో కడుపునిండా తిని, మధ్యాహ్నం భోజనానికి ఓడకే వచ్చేలా పెట్టుకుంటే తలనొప్పి ఉండదు.

కాగితాల సంగతి టికెట్టు కొనేముందే చూసుకోవాలి. ఓడ అమెరికా వదిలి తిరిగి వచ్చినప్పుడు మళ్లీ ఇమ్మిగ్రేషన్ దాటాలి, కాబట్టి అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. మెక్సికోకు చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే వేరే వీసా అక్కర్లేదు. మిగతా దీవుల నియమాలు భారత పాస్‌పోర్టుకు ఎట్లా ఉన్నాయో ఓడ కంపెనీని రాతలో అడగండి, ఎక్కించుకునేదీ ఆపేసేదీ వాళ్లే. పిల్లల్లో పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు తీరిపోయి, పొడిగింపు కాగితాల మీద నడుస్తున్నవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడాలి. ముప్పై రోజుల్లోపు ప్రయాణమైతే పాత స్టాంపుతోనే తిరిగి రానిచ్చే నియమం ఒకటుంది. అది హెచ్-1బీ వాళ్లకు మెక్సికో, కెనడాల వరకే. చుట్టుపక్కల దీవులకు వర్తించేది ఎఫ్ (చదువు), జే (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకు. కేమన్, జమైకా ఉన్న ఓడలో స్టాంపు గడువు తీరిన హెచ్-1బీతో ఎక్కకూడదు. ఇంకో చిన్నది: జమైకాలో మిలిటరీ మచ్చల బట్టలు నేరం. మనవడి ఆ నిక్కరు ఇంట్లోనే వదిలేయండి.

దిగేటప్పుడు ఓడ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు మనిషి మనిషికీ విడిగా ఉండాలి. తిరిగి రేవులోకి రావాలంటే గేటు దగ్గర చూపించాలి. అమ్మ కార్డు నాయన పర్సులో, నాయన మ్యూజియంలో, అమ్మ గేటు దగ్గర అయితే కష్టం. పాస్‌పోర్టు గదిలోని లాకర్‌లో పెట్టి ఫొటోకాపీ జేబులో ఉంచుకోండి. ఓడ తప్పిపోయినవాళ్ల పాస్‌పోర్టులు గదిలోంచి తీసి రేవులోని ఏజెంటుకు ఇచ్చి పోవడం మామూలుగా జరిగేదే. జార్జ్ టౌన్‌లో దింపే చోట్లు ఒకటి కాదు, నార్త్, సౌత్, రాయల్ వాట్లర్ అని మూడున్నాయి. దిగిన వెంటనే ఆ బోర్డును ఫొటో తీసుకోండి. తిరుగు వరుసలో నిలబడేముందు మీ ఓడ పేరున్న పలక చూడాలి. అరగంట నిలబడినాక అది పక్క ఓడ వరుస అని తెలిసినవాళ్ల ముఖాలు చూడలేం.

తిరిగి ఓడలోకి దాటేటప్పుడు పడవ నుంచి మెట్టు పైకి ఎక్కాలి. అలసిన కాళ్లు, తడి చెప్పులు, చేతుల్లో కొన్న సంచులు, పొద్దున కంటే ఇప్పుడే ఎక్కువమంది తూలతారు. సంచులు ముందు సిబ్బందికి అందించి ఖాళీ చేతులతో దాటండి. లోపలికి రాగానే విమానాశ్రయంలో లాగా ఎక్స్‌రే. ఏరుకున్న పగడపు ముక్కలు అక్కడ దొరికిపోతాయి. క్యూబా చుట్టలు, క్యూబా రమ్ము 2020 సెప్టెంబరు నుంచి అమెరికాలోకి తీసుకురానివ్వడం లేదు. మామూలు మందు సీసా ఏదైనా కొనుంటే పేరు, గది నంబరు రాసుకుని తీసేసుకుంటారు, చివరి రోజు రాత్రి గదికి పంపిస్తారు. చీటీ మాత్రం దాచుకోండి.